శౌరి ఎక్స్‌రే

సిత్రా క్యాంపుల
నూట ఎనభై మందికి పప్పు వండేటోన్ని.
"రేపు పోపును చూసొస్త" అంటె
మెస్సంత నవ్వింది.
"దినాం పెట్టేటోనివి, కొత్తగ చూసుడేందే?"

నవ్వనిది బాలశౌరి ఒక్కడే.
ఫిరంగిపురం దిక్కు మనిషి.
పరంజి మీదికెల్లి పడ్డడు, కుడికాలికి పిండికట్టు.
పాస్ వాని పేరు మీదొచ్చింది,
కాలు మాత్రం కదల్లే.
"నువ్వెళ్ళన్నా, నా బదులు.
అక్కడికి నా పేరు చేరితే చాలు."
దిండు కిందికెల్లి జపమాల తీసిచ్చిండు,
గోడకు ఆనిచ్చిన ఎక్స్‌రే తీసిచ్చిండు.
"ఆయన ఇటు తిరిగినప్పుడు కాస్త పైకెత్తు."

వేరేవాని పేరు తొడుక్కొని పోవుడు
నాకు కొత్త గాదు.
మొదటిసారి ఈ ఇసుకల కాలువెట్టింది
మెట్‌పల్లి ఏజెంటు ఇచ్చిన పాస్‌పోర్టు మీద.
ఫోటో నాది, పేరు ఎవలో గుండేటి నర్సింలుది.
మూడేండ్లు ఆ పేరుకే జీతమొచ్చింది,
ఆ పేరుకే జ్వరమొచ్చింది.
నా పేరు ఇంటికాడ
సందుగల పెట్టిన పెండ్లంగీ లెక్క
మడత మీదనే ఉండె.

అర్ధరాత్రి దాటినంక బస్సు.
పక్క సీట్ల గోవా ముసలామె,
సంచిల జీడిపప్పు, నోట్ల జపం.
గేటు కాడ పోలీసాయన ఆపిండు.
"ఇదేంది?"
"కాలు."
"ఎవరిది?"
పాస్ చూపిచ్చిన. "నాదే."
నా రెండు కాళ్ళు చూసిండు, ఎక్స్‌రే చూసిండు,
మల్ల కాళ్ళు చూసిండు.
పో అన్నడు.

ఎండెక్కినంక శౌరి కాలే నాకు గొడుగు.

దూరంగ అరుపు లేచింది.
చేను ఒక్కసారే ఈనినట్టు సెల్‌ఫోన్లు లేచినయి.
నేను ఎక్స్‌రే లేపిన.
ఆ నల్లరేకులకెల్లే చూసిన:
తెల్లటి ఎముక, ఎముకల సన్నటి పగులు,
పగులు కాడికి ఒక తెల్లంగీ ముసలాయన
చెయ్యి ఊపుకుంట వచ్చిండు,
దాటిండు, పోయిండు.
మొక్కాల్నో వద్దో నాకు తెల్వదు.
రెండు చేతులు పనిల ఉన్నయి,
గదే నయమైంది.

పూజ నాకు రాని భాషల నడిచింది.
అందరు లేస్తే లేచిన, కూసుంటే కూసున్న.
నడుమ ఒక నిశ్శబ్దం మాత్రం తెలిసింది:
గంజి వార్చేటప్పుడు
మెస్సుల నేనొక్కన్నే ఉంటనే, అసొంటిది.

వరుసలు కదిలినయి.
సత్ప్రసాదమని శౌరి చెప్పిండు.
ప్రసాదమంటె నా చెయ్యి
నన్నడగకుండనే దొప్ప అయితది.
కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి,
తీర్థానికి పట్టినట్టు పట్టిన.
ఆ పట్టిన తీరుకే దొరికిపోయిన.
ముసలామె నా మణికట్టు మెల్లగ వంచింది.
"యే తుమ్హారా నహీ, బేటా."

కోపం రాలే.
ఒక్క మాట మాత్రం గొంతు దాకొచ్చింది:
అమ్మా, నా గరిటె ముంగట పళ్ళెం చాపినోన్ని
నువ్వెవలివని నేనేనాడన్న అడిగిన్నా?
మింగిన.
వాళ్ళ ఇంటి బంతి. వాళ్ళ లెక్క వాళ్ళకుంటది.
ఆమె వరుసల పోయొచ్చింది,
కండ్లు మూసుకొని శానసేపు కూసున్నది.
లేచేటప్పుడు ఏమనుకున్నదో
సంచిల మిగిలిన జీడిపప్పంత
నా రుమాల్ల గుమ్మరిచ్చింది.

శౌరి నిద్రపోలే.
"ఎత్తావా?"
"ఎత్తిన."
"చూశాడా?"
చూసిండో లేదో నాకేం తెలుసు.
"నీ కాల్లకెల్లే పోయిండు" అన్న.
ట్యూబులైటుకు ఎక్స్‌రే పట్టి
ఎటు నుంచి ఎటో వేలువెట్టి చూపియ్యమన్నడు.
చూపిచ్చిన.
ఇంకోసారి అన్నడు.
ఇంకోసారి చూపిచ్చిన.

రాత్రి పప్పుల పోపు పెట్టిన.
ఆవాలు చిట్లినంక రుమాలు ఇప్పిన.
దోసెడు జీడిపప్పు, నూట ఎనభై పళ్ళాలు.
ఎవలకొచ్చిందో ఎవలకు రాలేదో
గరిటెకు తెల్వదు.